రోగం గారికి విన్నపం

వైద్యం కోసం మన దేశానికి రాదలచిన విదేశీయుల మీద మన సర్కారుకు అపారమైన దయ. ఆ దయ పేరు ఈ-మెడికల్ వీసా. గడువు 60 రోజులు, మూడుసార్లు రావచ్చు. టాంజానియా నుంచో ఒమన్ నుంచో హైదరాబాదుకు బయల్దేరే ఏ రోగమైనా ఈ లెక్క చదువుకునే విమానం ఎక్కాలి. చదువుకోని రోగాలతోనే పేచీ అంతా.

ఎముక మజ్జ మార్పిడినే తీసుకోండి. అది అయ్యాక దాదాపు 100 రోజులు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండమంటారు డాక్టర్లు. వీసా 60 అంటుంది. ఈ తేడాకు డాక్టర్లనే తప్పుపట్టాలని నా నిశ్చితాభిప్రాయం. వాళ్లు శరీరం చూసి గడువు చెబుతారు, నిబంధనలు చూసి చెప్పే అలవాటు లేదు. అయినా పొడిగింపు ఇవ్వబోమని ఎవరన్నారు? విదేశీయుల నమోదు కార్యాలయం, అదే ఎఫ్ఆర్ఆర్ఓ, పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. తెల్లకణాలు పెరిగేదాకా మంచం మీద పడుకున్న మనిషికి కాస్త కాలక్షేపం ఉండొద్దూ?

ఇక దరఖాస్తు. ఫొటోలో కళ్లు తెరిచి ఉండాలి, కళ్లజోడు ఉండకూడదు. కంటి ఆపరేషనుకే వచ్చేవారికైనా ఇదే రూలు. పాస్‌పోర్టు కాపీ పీడీఎఫ్‌లో 300 కేబీ దాటకూడదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల ఆయుష్షు ఉండాలి. మనిషికి ఎంత ఉండాలో మాత్రం అడగరు, అంత మర్యాదస్తులు. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఉత్తరం కూడా కావాలి. రిపోర్టులు వాట్సాప్‌లో పంపితే చాలు, రోగి నాడి పట్టకముందే ఉత్తరం చేతికొస్తుంది.

తోడు ఎవరు రావాలన్నది మరీ ముచ్చటైన విషయం. ఒక రోగికి ఇద్దరే సహాయకులు, ఎవరి వీసా వారిదే. నిమ్స్ గేటు దగ్గర ఒక్కో పేషెంటుకు ఎంతమంది క్యారేజీలు పట్టుకుని కూర్చుంటారో చూసినవాళ్లం మనం. అయినా తల్లి, భార్య వచ్చాక మిగిలిన తమ్ముడికి నిజమైన ప్రేమ లేదని లెక్క. ఉంటే మూడోవాడిగా ఎందుకు పుడతాడు?

కిడ్నీ మార్పిడికి వచ్చేవారైతే దాతకూ రోగికీ ఉన్న బంధుత్వాన్ని వాళ్ల దేశపు ఎంబసీ ధ్రువీకరించాలి, ఫారం 21లో. కిడ్నీల బేరాలు చూసిన దేశం కనుక పెట్టిన నిబంధన ఇది. దీన్ని వెక్కిరించే ధైర్యం నాకు లేదు. కానీ యుద్ధంలో ఇల్లూ కాగితాలూ కాలిపోయిన సూడాన్ మనిషి, తన అన్న తన అన్నేనని దేంతో రుజువు చేయాలి? ముక్కు పోలికలకు ఫారంలో గడి లేదు.

అందుకే నాదొక సూచన. మనుషుల్ని ఇన్ని ప్రశ్నలు అడిగేకంటే రోగానికే వేరే దరఖాస్తు పెట్టాలి. పుట్టిన ఊరు, గతంలో ఎవరెవరి ఒంట్లో నివసించింది, తిరుగు టికెట్టు ఉందా, గడువులోగా తగ్గిపోతానని హామీ ఇస్తుందా. హామీ ఇవ్వని రోగాన్ని శంషాబాద్‌లోనే ఆపేసి, మనిషిని ఒక్కణ్నే లోపలికి పంపాలి. దీనికి కార్పొరేట్ ఆస్పత్రులు ఒప్పుకోకపోవచ్చు. అది వేరే సంగతి.