సవరణ: ‘సైలెంట్ నైట్’ పుట్టుక గురించి

చర్చిలో వాయించే ఆర్గన్‌ను ఎలుకలు కొరికేయడంతో 1818 క్రిస్మస్ ముందురోజు ‘సైలెంట్ నైట్’ అనే క్రిస్మస్ పాటను హడావుడిగా రాశారని మొన్నటి పోస్టులో చెప్పాను. అది తప్పు.

జోసెఫ్ మోర్ అనే మతగురువు ఈ పాటకు మూలమైన కవితను 1816లోనే ఆస్ట్రియాలోని మరియాప్‌ఫార్‌లో రాశారు. 1995లో బయటపడిన ఆయన చేతిరాత ప్రతి మీద ఆ సంవత్సరమే ఉంది. ఇప్పుడది సాల్జ్‌బర్గ్ మ్యూజియంలో ఉంది. నెపోలియన్ యుద్ధాలు ముగిసి 1816 నాటికి ఏడాదే. ఇది తెలిశాక, చిన్నప్పుడు కొవ్వొత్తి పట్టుకుని పాడిన ఆ పాట నాకు ఇంకా దగ్గరైంది.

బాణీ మాత్రం బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ 1818 డిసెంబరు 24న కట్టిందే. ఆ రాత్రి ఆస్ట్రియాలోనే ఉన్న ఓబెర్న్‌డార్ఫ్‌లో ఇద్దరూ గిటారుతో పాడిన మాటా నిజమే. ఎలుకల సంగతి తర్వాతివాళ్లు అల్లిన కథ; 1854లో గ్రూబర్ స్వయంగా రాసిన వివరణలో దాని ఊసే లేదు.