ఇత్తడి అల్లుడు గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ బుల్లి చిత్రిక గారికి,

చెక్కని నున్నగా తోసే వడ్రంగి చిత్రికే మీరూ, ఇంగ్లీషులో మాత్రం మిమ్మల్ని ఫింగర్ ప్లేన్ అంటారంట, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తోసేంత సైజు కాబట్టి. మా ఇంట్లో మాత్రం మీ పేరు అల్లుడు గారు. ఎందుకంటే మీరొచ్చి 14 నెలలైంది, వచ్చిన దగ్గర్నుంచి మఖమల్ గుడ్డలో పడుకోవడం తప్ప పని ముట్టుకున్నది లేదు, అలాగని ఒక్క మాట అనే ధైర్యం ఎవరికీ లేదు, అంత పోసి తెచ్చుకున్నాం మరి. మీరూ మీ ఇద్దరు తమ్ముళ్ళూ కలిపి కస్టమ్స్‌తో సహా 22 వేల చిల్లర. ఆ బిల్లు మా ఆవిడ ఫ్రిజ్ మీద అతికించింది, నేను తీసేస్తే మళ్ళీ అతికించింది.

అసలు మీరు మా గడప ఎలా తొక్కారో గుర్తుందా? నాది విజయనగరం, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన మ్యూజిక్ కాలేజీ ఉన్న ఊరు, కాస్త అవతలికెళ్తే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తారు. ఇలాంటి చోట పుట్టి, చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ గీసి, నలభై దాటాక "వాయించడం ఎలాగూ రాలేదు, కనీసం చేద్దాం" అనిపించడంలో వింతేముంది చెప్పండి. వింతల్లా ఏంటంటే చెక్క కొనకుండా, ఉలి పట్టుకోకుండా ఎక్సెల్ షీట్ తెరిచాను. పనిముట్ల లిస్టు. 61 లైన్లు. కలర్ కోడింగ్ కూడా. ఆ షీట్ చేస్తున్నంతసేపూ వయొలిన్ చేసేస్తున్నట్టే ఉండేది, అది ఎంత సుఖమో మీకు తెలీదు. ఓ రాత్రి పన్నెండున్నరకి ఫోన్‌లో మీ ఫోటో కనపడింది. ఇంచుంపావు పొడుగు, పడవ అడుగులా వంపు తిరిగిన కింది భాగం, బంగారంలా మెరిసే ఒళ్ళు. పెళ్ళిచూపుల్లో పిల్లాడి ఉద్యోగం అడక్కుండా రంగు చూసి ఖాయం చేసినట్టు ఖాయం చేసేశా.

ఉద్యోగం సంగతి తర్వాత తెలిసింది. వయొలిన్ పైచెక్క స్ప్రూస్, వెనకచెక్క మేపుల్. ముందు రెండు ముక్కల్ని మధ్యలో అతకాలి, దానికి మూరెడు పొడుగున్న పెద్ద చిత్రిక కావాలి. పక్క గోడల్లాంటి రిబ్స్ మిల్లీమీటరు మందానికి దించి వేడి ఇనుము మీద వంచాలి. తర్వాత పైచెక్కని బయటివైపు ఉబ్బుగా చెక్కాలి, మధ్యలో ఎత్తు 15 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, అదంతా వంపు నోరున్న పెద్ద ఉలి పని, గౌజ్ అంటారు, పొడుగు పిడి పట్టుకుని పొట్ట ఆనించి తొయ్యాలి. అలా బండపని మొత్తం అయిపోయి, ఉలి గాట్లు మిగిలిన వంపుని నున్నగా చెయ్యాల్సినప్పుడు అప్పుడు తమరు రంగప్రవేశం. మీ తర్వాత మళ్ళీ స్క్రేపర్ వస్తుంది, అంచుతో గీకి పొట్టు తీసే పల్చటి ఉక్కు రేకు. అంటే వంటంతా అయ్యాక కొత్తిమీర చల్లే పని మీది. నేను బియ్యం కొనకుండా కొత్తిమీర కొన్నాను, అదీ మూడు కట్టలు.

సరే వచ్చారు కదా, ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని పాత ప్యాకింగ్ పెట్టె పైన్ చెక్క మీద మిమ్మల్ని ఓసారి నడిపాను, గుర్తుందిగా. చెక్క లేవలేదు. పొట్టు రాలేదు. అక్కడ అప్పడం పిండి నలిగినట్టు నలిగింది. మెత్తటి చెక్క కదా వెన్నలా తెగుతుంది అనుకున్నా, రివర్స్ అంట, మెత్తటి చెక్కకే ఎక్కువ పదును కావాలంట, మొద్దు బ్లేడు కింద దాని నారలు తెగకుండా అణిగిపోతాయి. ఇరవై రెండు వేలు పోసిన అల్లుడు పదును పెట్టించుకోకుండా వచ్చాడని నాకేం తెలుసు, డబ్బాలోంచి తీస్తే పని చేస్తుంది అనుకునే జాతి మాది, ఫోన్ అయినా మిక్సీ అయినా.

మిమ్మల్ని జేబులో వేసుకుని మా వీధి చివర వడ్రంగి తాత దగ్గరికెళ్ళాను. తాత కళ్ళజోడు పైకి జరిపి, మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి, ముందు "బాగుంది, పిల్లలదా?" అన్నాడు. తర్వాత బ్లేడు విప్పి అంచుకి అడ్డంగా బొటనవేలు ఆడించి, "ఇది కొయ్యదు బాబూ, నిమురుతాది" అన్నాడు. ఆ రోజు మీ మొహం చూడాల్సింది.

తాత సానరాయి చూశారుగా, దాని మొహానికి మఖమల్ గుడ్డ ఎవడూ కప్పడు. దాని మీద ముందు మీ బ్లేడు వెనకవైపు పెట్టి రుద్దాడు, అటువైపు చదును కాకపోతే ముందువైపు ఎంత నూరినా దండగేనంట. ఓ పది నిమిషాలకి అంచు దగ్గర సన్నగా అద్దంలా మెరిసే గీత వచ్చింది, అప్పుడు తిప్పి ఏటవాలు వైపు నూరాడు, అంచున వేలికి తగిలేటంత రేకు లేచింది, దాన్ని పాత బెల్టు తోలు మీద లాగి లాగి రాల్చేశాడు. చివర్లో ముంజేతి మీద పెట్టి ఒక్క గీత గీస్తే వెంట్రుకలు రాలిపోయాయి, తాత చెయ్యంతా అక్కడక్కడా బోడి మచ్చలే, అదీ సంగతి. నా 61 లైన్ల షీట్‌లో సానరాయి ఎక్కడుందో ఇంటికొచ్చి వెతికాను. 58వ లైను. పక్కన "లేటర్" అని రాసి ఉంది, బూడిద రంగులో.

ఆ రాత్రి షీట్ తీసేసి చిత్తుకాగితం మీద మళ్ళీ రాసుకున్నా. రెండు సానరాళ్ళు, గరుకు నంబరు 1000ది ఒకటి, ఇంకా నున్నటి 6000ది ఒకటి. ఒక మంచి కత్తి, రేపు ఎఫ్ హోల్స్ అంచులు, అదే పైచెక్క మీద ఎఫ్ ఆకారం బెజ్జాలు, తియ్యాలన్నా, అతుకు ముక్కలు సరిచెయ్యాలన్నా అదే. ఓ గౌజ్. అతుకుకి పెద్ద చిత్రిక తాత ఇస్తానన్నాడు, శనివారాలు మాత్రమే. స్క్రేపర్ అంటే ఏదో అనుకున్నా, తాత విరిగిన రంపం బ్లేడు ముక్క చేతిలో పెట్టి పొమ్మన్నాడు, ఆకురాయితో అంచు సరిచేస్తే అదే స్క్రేపర్, ఖర్చు సున్నా. మీకు ఈ విషయం చెప్పడం క్రూరత్వమే కానీ చెప్పక తప్పదు, ఆ రంపం ముక్క మొదటిరోజే మీకంటే సన్నటి పొట్టు తీసింది.

క్లాంపులు ఇంకో కథ. పైచెక్కా వెనకచెక్కా రిబ్స్‌కి అతికేటప్పుడు జిగురు ఆరేదాకా బిగించి పట్టుకోడానికి చుట్టూ ఓ ముప్పై దాకా కావాలి, విడిగా కొంటే మీ తమ్ముళ్ళ రేటు. మాప్ కర్ర ముక్కలు కోసి, మధ్యలో బెజ్జం వేసి, పొడుగు బోల్టు గుచ్చి, అంచుకి తోలు అతికించి చేసేశాను. రిబ్స్ లోపలివైపు అతికించే సన్న పట్టీలకైతే బట్టల క్లిప్పులే, వయొలిన్ మేస్త్రులు చాలామంది వాడేవే, ఇందులో నామోషీ లేదు, కాకపోతే డాబా మీద చీర ఎగిరిపోయి పక్కింటి సపోటా చెట్టుకి తగులుకున్నాక ఆ సంగతి మా అమ్మకి చెప్పడం కష్టం.

ఇటలీలోని క్రెమోనా వయొలిన్ మ్యూజియంలో, ఆ ఊళ్ళోనే వయొలిన్లు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న పాతకాలం మేస్త్రి స్ట్రాడివారి వర్క్‌షాపు సామాను అద్దాల వెనక పెట్టారు, చెక్క అచ్చులు, కాగితం నమూనాలు, కొన్ని పనిముట్లు, 1930లో ఫియోరిని అనే వయొలిన్ మేస్త్రి ఆ ఊరికి ఇచ్చేసినవి. ఫోటోలు జూమ్ చేసి చూశాను. క్లాంపుల కోసం బెజ్జాలు కొట్టిన చెక్కలు, చేతిరాతలు, గీతలు. ఫ్రేము కట్టించుకోవాలనిపించే వస్తువు ఒక్కటీ లేదు, నాలాంటోడు చూస్తే షీట్‌లో ఎక్కించుకోవడానికి కూడా ఆలోచిస్తాడు.

మీ విషయంలో మా వైపు నుంచి జరిగిన అపచారం ఒకటుంది, అది ఒప్పుకుంటా. దసరాకి మా అమ్మ ఆయుధ పూజ అని మిమ్మల్ని దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన కూర్చోబెట్టింది, బొట్టు పెట్టింది, పసుపు నీళ్ళు కూడా చల్లింది. ఇత్తడికి ఇత్తడి కలిసిపోయి మీరు అక్కడే మూడు నెలలుండిపోయారు, భరిణె అనుకుని మా ఆవిడ ఓసారి మూత తియ్యబోయింది. కుంకుమ బ్లేడు కిందకి దిగి గట్టిపడింది. ఇంతవరకూ ఈ ఇంట్లో మీకు దక్కిన ఏకైక ఉద్యోగం అదే కాబట్టి ఎవరూ కదపలేదు.

ఇప్పుడు అసలు విషయం. మొన్న శనివారం పైచెక్క అతుకు కుదిరింది, రెండు ముక్కలు ఆనించి లైటుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో వెలుగు రాలేదు, ఎనిమిదోసారికి. గౌజ్ పని సగానికి పైగా అయింది, అరచేతిలో రెండు బొబ్బలున్నాయి. ఇంకో రెండు వారాల్లో ఆ గాట్ల మీద మీరు నడవాలి. కాబట్టి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సిద్ధంగా ఉండండి, తాత దగ్గరికి కాదు, ఈసారి రాయి నాదే, నూరేది నేనే. ముందు వెనకవైపు తుప్పు తియ్యాలి. ఎర్రగా కనపడేదంతా తుప్పు కాదు, సగం కుంకుమ, అమ్మ చూడకముందే తుడిచేద్దాం.

ఇట్లు,
మీ మావగారు