పన్నెండున్నర

జరిగింది ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. వ్యాయామ మనస్తత్వ శాస్త్రం పాఠాలు చెప్పే ఒక పెద్దమనిషి నిన్న సాయంత్రం జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కాడు. పడ్డాడు. మోచేతి మీద రాసిన మందు ఇంకా ఆరలేదు. మనిషి వ్యాయామం ఎందుకు మొదలుపెడతాడు, ఎందుకు మానేస్తాడు అన్నదాని మీద కాగితం చూడకుండా రెండు గంటలు మాట్లాడగలడాయన. ఆ రెండు గంటల్లో ట్రెడ్‌మిల్ మీద పక్కకి చూడకూడదన్న ముక్క ఎక్కడా రాదు.

మొదటి పది నిమిషాలకి వంక పెట్టలేం. గంటకి 5.5 కిలోమీటర్ల నడక. మాట్లాడగలిగేంత ఆయాసం, ఎంత శ్రమ అనిపిస్తోందో అంకెల్లో చెప్పే బోర్గ్ కొలబద్ద మీద 11 వేసుకోవచ్చు. (ఈ కొలబద్ద 6తో మొదలై 20తో ముగుస్తుంది. ఒకటితో మొదలెట్టడానికి ఏం రోగం అంటారేమో, ఆ అంకెని పదితో గుణిస్తే గుండె వేగం దాదాపుగా తెలుస్తుందని అలా పెట్టారు.) అలా నడిచి దిగిపోతే ఏ గొడవా లేదు.

కానీ ఎదురుగా గోడకి తెర ఉంది. మెషీన్లు ఎక్కిన అందరి పేర్లూ, దూరాలూ, ఎక్కువ నుంచి తక్కువకి. ఆయన పేరు కింద నుంచి రెండోది. అట్టడుగు పేరు గల మనిషి మెషీన్ పక్కన ఇంకా బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.

ఈ తెర పెట్టించిన మహానుభావులెవరో గానీ వాళ్లని ఒక్క మాట అడగాలి. మన సత్తాని మనం రెండు రకాలుగా కొలుచుకుంటామని మనస్తత్వవేత్త నికోల్స్ చెప్పి నలభై ఏళ్లయింది. నిన్నటి నాతో పోలిస్తే ఇవాళ నేనెంత అన్నది ఒకటి, పక్కవాడితో పోలిస్తే ఎంత అన్నది రెండోది. మొదటి కొలతకి తెర మీద ఒక్క వరస చాలు: "పోయిన వారం కన్నా 200 మీటర్లు ఎక్కువ." ఆ ఒక్క వరస పెట్టడానికి చోటు లేదట! సున్నాతో మొదలెట్టిన వాడిని ఊరందరి ముందు ఆఖర్న నిలబెట్టడానికి మాత్రం గోడంతా ఉంది. పైగా ఫోన్‌లో యాప్, దాన్నిండా బ్యాడ్జీలు. 1973లో లెపర్ అనే మనస్తత్వవేత్త బృందం బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకి "గీస్తే బహుమతి" అని ముందే చెప్పి గీయించింది. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వని వేళ వాళ్లు గీసిన సమయం, బహుమతి ఊసే లేని పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయింది. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లలకి ఏ నష్టమూ జరగలేదు. అంటే తప్పు బహుమతిది కాదు, ఎర వేయడానిది. ఇదంతా పెద్దమనిషికి కంఠతా వచ్చు. వచ్చినా మెడ తిరిగింది.

పక్క మెషీన్ మీద ఒకావిడ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ముఖంలో ప్రశాంతత. ఆవిడ ముందు తెర మీద 12.0. ఆయన చూపు అంకె మీద పడింది, ఆవిడ కాళ్ల మీద పడలేదు. వేలు బటన్ మీదకి వెళ్లింది. 7 దగ్గర నడక దానంతటదే పరుగైంది, ఆ వేగంలో నడవడం కన్నా పరిగెత్తడమే కాళ్లకి తేలిక. తర్వాత 9. అప్పటిదాకా ఆయన ఎక్కిన పైమెట్టు అదే. తర్వాత 12.5. లక్ష్యం కచ్చితంగా ఉండాలి, కష్టంగా ఉండాలి అని లక్ష్యాల మీద పరిశోధించిన లాక్ సూత్రం. అందుకోగలిగేదై ఉండాలన్న మూడో ముక్క ఆ క్షణానికి గుర్తు రాలేదు.

అన్నట్టు సేఫ్టీ క్లిప్. దాన్ని చొక్కాకి తగిలించుకుంటే, మనిషి వెనక్కి జారగానే తాడు లాగి, అయస్కాంతపు బిళ్ల ఊడి, బెల్ట్ ఆగిపోతుంది. తగిలించుకుంటే కొత్తవాడనుకుంటారని ఆయన దాన్ని కడ్డీకి పొందిగ్గా వేలాడదీశాడు.

ఆవిడ ఇంకా 12 మీదే ఉందా అని మళ్లీ పక్కకి చూశాడు. మెడ తిరిగితే భుజం తిరుగుతుంది, భుజం వెంట నడుము, నడుము వెంట పాదం. కుడిపాదం బెల్ట్ అంచు దాటి, కదలని పక్కపట్టీ మీద పడింది. ఆ కాలు అక్కడే ఆగిపోయింది. ఎడమకాలు సెకనుకి మూడున్నర మీటర్ల చొప్పున వెనక్కి ప్రయాణం కట్టింది. అక్కణ్ణించి బెల్ట్ చివరికి ఉన్నది ఒక్క మీటరు. లెక్క కట్టండి, సెకనులో మూడో వంతు కూడా లేదు.

ఆ కాసింత వ్యవధిలో మొదట బొద్దింకలు గుర్తొచ్చాయి. 1969లో జాయన్స్ అనే మనస్తత్వవేత్త వాటిని వెలుతుర్లోంచి చీకటి గూట్లోకి పరిగెత్తించాడు, పక్క గూళ్లలో ప్రేక్షక బొద్దింకల్ని కూర్చోబెట్టి మరీ. దారి తిన్నగా ఉంటే ప్రేక్షకుల ముందు వేగం పెరిగింది, దారి చిక్కుగా ఉంటే తగ్గింది. బాగా అలవాటైన పని నలుగురి ముందు ఇంకా బాగా వస్తుంది, అలవాటు లేనిది ఇంకా చెడుతుంది. 12.5 వేగంతో అడ్డంగా చూస్తూ పరిగెత్తడం ఏ కోవలోకి వస్తుందో విడమరచనక్కర్లేదు. పైగా పక్కదాని స్కోరు చూపించే తెర బొద్దింకలకి ఎవరూ పెట్టలేదు.

తర్వాత చేతులు. అవి పట్టుకోవలసింది ముందున్న కడ్డీని. తీరా సర్దుకున్నది చొక్కాని! పడేటప్పుడు చొక్కా పైకి లేస్తే నలుగురూ ఏమనుకుంటారు? డెసీ, రయాన్ల స్వయం నిర్ణయ సిద్ధాంతం మనిషిని కదిలించే ప్రేరణల్ని మెట్లుగా పేరుస్తుంది, అందులో దీనికో మెట్టు ఉంది. బయట కర్ర పట్టుకున్న వాడెవడూ ఉండడు, ఆ కర్రని మనిషి తనలోపలే పెట్టుకుని సిగ్గుతోనూ పరువుతోనూ తనని తాను తోలుకుంటాడు. పాఠంలో ఈ మెట్టుకి సరైన ఉదాహరణ దొరక్క ఆయన ఏళ్ల తరబడి అవస్థ పడ్డాడు. ఇక ఆ బెంగ లేదు.

మోచెయ్యి నేలకి తగిలేలోపే కారణం కూడా సిద్ధమైంది: "బెల్ట్ జారుడుగా ఉంది." బయటి కారణం, తన చేతిలో లేనిది, రేపు ఉండనిది. గెలుపోటములకి మనం చెప్పుకునే కారణాల్ని వర్గీకరించడానికి వైనర్ గీసిన మూడు గళ్లలోనూ టిక్కు పడింది. పది నిమిషాలు బాగా నడిచినప్పుడు ఆ ఘనత బెల్ట్‌కి దక్కలేదు గమనించండి.

ట్రైనర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం కాలేదు సార్, మీరు చెయ్యగలరు, లేచి ఇంకో పది నిమిషాలు!" ఆత్మవిశ్వాసానికి మనస్తత్వవేత్త బండూరా చెప్పిన నాలుగు ఊటల్లో ఇలాంటి మాటసాయం బలహీనమైనది, స్వానుభవం అన్నిటికన్నా బలమైనది. స్వానుభవం నేల మీద పడి ఉంది, మాటసాయం పైన నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఆవిడ ఒక ఇయర్‌ఫోన్ తీసింది. "క్లిప్ పెట్టుకోలేదా అండీ?" అని నిజంగానే నొచ్చుకుంటూ అడిగింది. కింద నుంచి చూస్తే ఆవిడ తెర మొత్తం కనిపించింది. వేగం 4.5. ఆ 12.0 వాలు శాతం. ఆవిడ ఎత్తు ఎక్కుతూ నడుస్తోంది, అంతే.

ఈ హడావిడిలో ఆయన మెషీన్ సంగతి ఎవరికీ పట్టలేదు. ఖాళీ బెల్ట్ 12.5 మీద రెండు నిమిషాలు తిరిగింది, అంటే నాలుగొందల మీటర్ల పైమాటే. గోడ మీద ఆయన పేరు ఐదో స్థానానికి ఎగబాకింది. జేబులో ఫోన్ మోగింది. బ్యాడ్జీ వచ్చింది. "శభాష్! ఇవాళ మీ వేగం ఇప్పటివరకూ రికార్డు. రేపు దీన్ని దాటండి!"