ముట్టరాని గదిలో ముట్టవలసిన తెర

వరంగల్ కోటలో స్వయంభూ దేవాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా కాకతీయులు నిలిపిన తోరణాలలో ఒక ఘోరమైన లోపం ఉంది. గుడి ఎప్పుడో కూలిపోయినా, వాటిని చూసినవారికి లోపలికి ఎటు నుంచి అడుగుపెట్టాలో ఈనాటికీ ఇట్టే తెలిసిపోతుంది. ప్రదర్శనశాలల్లో కొత్తగా వెలుస్తున్న నిలువెత్తు టచ్‌స్క్రీన్లు ఈ లోపాన్ని పూర్తిగా సవరించాయని సంతోషంతో మనవి చేస్తున్నాను.

అన్నిటికన్నా పెద్ద ఘనత, తనను ముట్టవచ్చునని ఆ తెర ఎవరికీ చెప్పకపోవడం. శిల్పం పక్కన, శాసనం పక్కన, అద్దాల పెట్టె మీద ‘ముట్టరాదు’ అని తరతరాలుగా చదివి, చేతులు వెనక్కి కట్టుకొని నడవడం నేర్చిన జనం, అదే గదిలో మెరుస్తున్న రామప్ప గుడి బొమ్మను కూడా చేతులు కట్టుకొనే చూసి వెళ్ళిపోతారు. ‘ఇక్కడ ముట్టండి’ అని పెద్ద తెలుగు అక్షరాలతో రాసి, పక్కన కదిలే వేలి బొమ్మ పెడితే చాలదా అని కొందరు అమాయకులు అడుగుతున్నారు. అప్పుడు జనం నిజంగానే ముడతారు, తెర మాసిపోతుంది; దానికి పూచీ ఎవరు?

తెగించి ముట్టినవారి కోసం ఒక మూలన మూడు అడ్డగీతలు ఉంటాయి. 1981 నాటి జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన ఆ గుర్తు, చోటు చాలని ఫోన్లలో మెనూను దాచడానికి పనికొచ్చింది. చోటు పుష్కలంగా ఉన్న తెరలోనూ దాచడమంటే సంప్రదాయం పట్ల గౌరవమే. శైవం వర్ధిల్లిన ఈ గడ్డ మీద ఎవరైనా వాటిని విభూతి రేఖలనుకొని దండం పెట్టుకుంటే, తప్పు రూపకర్తది కాదు.

గురి ఎంత దూరంగా, ఎంత చిన్నదిగా ఉంటే దాన్ని చేరడం అంత ఆలస్యమవుతుందని 1954లోనే మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ తేల్చాడు. మనవాళ్ళు దాన్ని శ్రద్ధగా చదివి, ‘హోమ్’ గుర్తును బఠాణీ గింజంత చేసి, బడిపిల్లలకు అందని పైమూలలో ప్రతిష్ఠించారు. కిరణాలకు ఏది అడ్డుపడినా ముట్టినట్టే లెక్కగట్టే పరారుణ చట్రం ఉన్న తెర అయితే చీర కొంగు తగిలినా పేజీ మారుతుంది కనుక, ముట్టనివారికి కూడా అన్యాయం జరగదు. నింపాదిగా చదివే పెద్దాయన చివరి వాక్యానికి చేరేలోగా, ఎవరూ ముట్టడం లేదు గనుక ఎవరూ లేరని తేల్చుకొని, తెర మొదటి పేజీకి వెళ్ళిపోతుంది.

తప్పకుండా దారి చూపుతున్న గుర్తు ఇక ఒక్కటే మిగిలింది, మూలన స్టూలు మీద కూర్చున్న అటెండరు. “సార్, ఆడ కాదు, ఈడ ఒత్తుండ్రి” అని ఆయన చెబుతుంటే జనానికి అర్థమైపోతోంది. ఈ అపశ్రుతిని వెంటనే తొలగించి, ఆ స్టూలు చోట రెండో టచ్‌స్క్రీన్ బిగించాలని పాలకమండలికి ప్రతిపాదిస్తున్నాను. మొదటిదాన్ని ఎలా ముట్టాలో అది వివరిస్తుంది. ఆ వివరణ పైమూలన మూడు అడ్డగీతల వెనుక ఉంటుంది.