పెళ్లికొడుకులకు రెక్కల పరీక్ష పెట్టాలి

నల్లగొండ జిల్లాలో పెళ్లిచూపుల పద్ధతిని వెంటనే సంస్కరించాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను. పిల్లగాని సత్తా తెలుసుకోవడానికి మన దగ్గర ఉన్న ఆధారాలు మూడే: వాకిట్లో ఆగిన కారు, మెడలో గొలుసు, సాగర్ రోడ్డులో ప్లాటు. కారు కిరాయిది. గొలుసు బావది. ప్లాటు ఎక్కడుందో అమ్మినోనికే తెల్వదు.

సన్న తూనీగలు ఈ విషయంలో మనకంటే ఎంతో ముందున్నాయి. వాలినప్పుడు చాలావరకు రెక్కలు వీపు మీదికి ముడుచుకునే రకం ఇవి. యూరప్ వాగుల మీద తిరిగే ఒక జాతిలో మగవాటి రెక్కలకు నీలినలుపు పట్టీ ఉంటుంది. ఆ నలుపు మెలనిన్. ఒంట్లో చొరబడ్డ పరాన్నజీవిని పొరలో చుట్టి బంధించడానికీ ఆ మెలనినే కావాలి. అంటే రోగంతో సతమతమయ్యేవాడికి సోకులకు సరుకు మిగలదు. రెక్కల రంగు ముదురుగా, సమంగా పరుచుకున్న మగవాటి పేగుల్లో పరాన్నజీవులు తక్కువగా ఉన్నాయని బ్రిటన్ పరిశోధకుడు సివా-జోతీ 2000లో చూపించాడు. పైగా ఆ రంగు పడేది రెక్కలొచ్చిన తొలి రోజుల్లోనే. తర్వాత టచప్ లేదు, ఈఎంఐ అసలే లేదు.

అమెరికాలో ఇంకో జాతి ఉంది. రెక్కల మొదట్లో కెంపు రంగు మచ్చ. మచ్చ పెద్దగా ఉన్నవాడు వాగు ఒడ్డున మంచి జాగా పట్టి నిలబెట్టుకుంటాడు, జాగాను బట్టే జోడీ కుదురుతుంది. ఆడది మచ్చ చూసి ఎంచుకోవడం లేదని గ్రెథర్ అనే శాస్త్రవేత్త 1996లో తేల్చాడు. అంటే ఆ సోకంతా సాటి మగవాళ్ల కోసమే! మన దగ్గర మాత్రం వేరా? పిల్ల చాయ్ పళ్లెం పట్టుకుని లోపలే ఉంటుంది. బయట కారు చుట్టూ తిరిగేది మేనమామలు. టైర్లు తడుముతారు, మైలేజీ అడుగుతారు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే సెల్ఫ్ డ్రైవ్ కిరాయి బండి అని తెలిసిపోతుందని పెళ్లికొడుకు కారును రివర్సులో తెచ్చి మందార చెట్టుకు ఆనించి పెడతాడు. ముందు ప్లేటుకు పూలదండ ఎలాగూ ఉంది.

ఇక పోటీ. నల్లరెక్కల అమెరికా జాతిలో ఇద్దరు మగవాళ్లకు జాగా తగాదా వస్తే కొట్టుకోవడం ఉండదు, గాల్లో ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూనే ఉంటారు. ఒంట్లో కొవ్వు ముందు అయిపోయినవాడు తప్పుకుంటాడు. ఒకే సంబంధానికి ఇద్దరొస్తే పానగల్ ఉదయసముద్రం కట్ట మీద ఎండాకాలం మధ్యాహ్నం ఇలాగే తిప్పాలి. మధ్యవర్తి కమీషన్ మిగులుతుంది.

మన చెరువుల దగ్గర ఎక్కువగా కనిపించే సన్న తూనీగలకు మాత్రం రెక్కలు అద్దాల్లా ఉంటాయి. తుంగ మీద వాలే ఆ పసుపు తోకవాడి రంగంతా ఒంటి మీదే. నీళ్లు, నిధులు, నియామకాల్లోనే కాక రెక్కల రంగులోనూ ఉమ్మడి జిల్లాకు అన్యాయమే జరిగింది. దీనిపై కమిటీ వేసేలోపు ఒక తాత్కాలిక జీవో చాలు: పెళ్లిచూపులకొచ్చిన కారును నంబరు ప్లేటు ఇంటివైపు ఉండేలా నిలపాలి, దండ తీసి.