మందు ఉంది, మచ్చ కొలిచేవారేరీ?

కంటి శుక్లాల ఆపరేషన్‌కో, కాన్పుకో వెళితే ముందుగా చేసే రక్తపరీక్షల్లో ‘హెచ్‌సీవీ పాజిటివ్’ అని బయటపడుతుంది. మన దగ్గర హెపటైటిస్ సి ఉందని చాలామందికి తెలిసేది అలాగే. అప్పటికి ఒంట్లో ఏ బాధా ఉండదు, కళ్లు పచ్చబడవు, ఆకలి మందగించదు. కామెర్లు వస్తేనే లివర్ జబ్బనీ, తాగేవాళ్లకే లివర్ చెడుతుందనీ నమ్మే ఇళ్లలో ఆ రిపోర్టు మడతపడి బీరువాలోకి చేరుతుంది. తర్వాత ఏ పదిహేనేళ్లకో, ఇరవై ఏళ్లకో ఒక రాత్రి రక్తపు వాంతితో ఆ ఇల్లు ఉలిక్కిపడుతుంది. ఈ మధ్యకాలమంతా లివర్ ఎంత గట్టిపడిందో తెలుసుకునే దారి ఉంది. పైసా అదనపు ఖర్చు లేని ఆ దారిని వాడుకోకపోవడమే మా ఆవేదన.

రక్తం ద్వారా ఈ వైరస్ సోకినవారిలో 15 నుంచి 45 శాతం మంది ఆరు నెలల్లోపు మందు లేకుండానే బయటపడతారు. మిగిలినవారిలో అది తిష్ఠ వేస్తుంది. వారిలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో సిరోసిస్, అంటే లివరంతా మచ్చపడి గట్టిపడే స్థితి, రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లివర్‌కు జరిగే నష్టంలో ఎక్కువ భాగం వైరస్‌ను తరిమేందుకు మన రక్షణ కణాలు ఏళ్ల తరబడి సాగించే పోరు వల్లే. లివర్ కణాలకూ, వాటి పక్కనే రక్తం పారే సన్నని దారులకూ నడుమనున్న సందులో విటమిన్ ఎ దాచుకుని నెమ్మదిగా పడుండే నక్షత్రాకార కణాలుంటాయి. వాపు ఆగకపోతే ఇవి రూపం మార్చుకుని కొల్లాజెన్ పీచును పేనడం మొదలెడతాయి. గాయానికి వేసే అతుకే ఇది. గాయం మానకపోవడంతో అతుకు మీద అతుకు పడి మచ్చ పరుచుకుంటుంది. వైద్యులు దీన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా దశలుగా చెబుతారు. ఎఫ్4 అంటే సిరోసిస్.

మచ్చ ముదిరిన లివర్ గుండా రక్తం సాఫీగా పోలేదు. పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరుగుతుంది. ఈ సిరకూ, లివర్ నుంచి రక్తం బయటికెళ్లే సిరకూ మధ్య మామూలుగా 5 మిల్లీమీటర్ల పాదరస మట్టం దాటని పీడన భేదం 10కి చేరితే అన్నవాహికలో సిరలు ఉబ్బుతాయి, 12 దాటితే అవి పగిలే ముప్పుంది. పొట్టలో నీరు చేరడం, పగలు నిద్ర రాత్రి మెలకువ, మాట తడబాటు, చేతులు అల్లల్లాడటం ఆ తర్వాతి మెట్లు. మద్యం, మధుమేహం, ఊబకాయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి తోడైతే ఈ ప్రయాణం వేగం పుంజుకుంటుంది. ఈ వైరస్ రకాల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించే జన్యురకం 3 లివర్‌లో కొవ్వును కూడా పేరుస్తుంది.

లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ మామూలుగా ఉంది కదా అని ధైర్యం చెప్పి పంపడం తరచూ జరిగే పొరపాటు. మచ్చ పెరుగుతున్నా ఆ అంకె మామూలుగానే ఉండొచ్చు. చూడాల్సింది ఫిబ్-4, అంటే మామూలు రక్తపరీక్షల అంకెలతోనే మచ్చను అంచనా వేసే లెక్క. వయసును, ఎస్‌జీపీటీ లాంటిదే మరో ఎంజైమ్ అయిన ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. వయసు 52, ఎస్‌జీఓటీ 88, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.10 లక్షలు అనుకుందాం. 4,576ను 880తో భాగిస్తే 5.2. ఇది 3.25 దాటితే మచ్చ బాగా ముదిరి ఉండే అవకాశం ఎక్కువ, 1.45 లోపైతే తక్కువ, మధ్యలో ఉంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. ప్లేట్‌లెట్లు ఈ లెక్కలోకి ఎందుకొచ్చాయంటే, పోర్టల్ పీడనానికి ప్లీహం ఉబ్బి వాటిని తనలోనే పట్టి ఉంచుతుంది. డెంగీ వచ్చి తగ్గిన రోజుల్లో మాత్రం ఈ లెక్క వేయకూడదు. 65 ఏళ్లు దాటినవారిలోనూ అంకె కాస్త ఎక్కువే చూపిస్తుంది.

2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం. సిరోసిస్ లేనివారికి సోఫోస్బువిర్ 400, డక్లాటస్విర్ 60 మిల్లీగ్రాముల మాత్రలు రోజూ, 12 వారాలు. సిరోసిస్ ఉంటే సోఫోస్బువిర్‌తో వెల్పటాస్విర్, పొట్టలో నీరు చేరే దశకు వస్తే రిబావిరిన్ కూడా. అంటే దశ తెలియకుండా సరైన మందే రాయలేం. మొదలెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లేదంటే అణగి ఉన్న బి వైరస్ లేచి కూర్చోవచ్చు. గ్యాస్ మాత్రలు వెల్పటాస్విర్‌ను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

కోర్సు ముగిసిన 12 వారాలకు రక్తంలో వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ కనిపించకపోతే వైరస్ పోయినట్లే. నూటికి 95 మందికి పైగా ఈ ఫలితం వస్తుంది. వైరస్‌ను ఎదుర్కొనేందుకు ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీ పరీక్ష మాత్రం జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది, దాన్ని చూసి మళ్లీ కంగారుపడొద్దు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సిరోసిస్ వచ్చాక వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే తప్ప పోదు. ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ మానకూడదు. రెండు, మూడు సెంటీమీటర్ల గడ్డగా ఉన్నప్పుడు దొరికితే సూదితో మాడ్చి తీసేయవచ్చు. పది సెంటీమీటర్లకు పెరిగాక చేతులెత్తేయాల్సి వస్తుంది.

ఇంట్లో పథ్యం గురించీ చెప్పాలి. పొట్టలో నీరుంటే ఉప్పు తగ్గించడం సరైనదే. పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి చప్పిడి జావతో సరిపెట్టడం మాత్రం హాని. సిరోసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, రాత్రి పడుకోబోయే ముందు కాస్త ఆహారం కావాలి. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ ఈ రోగుల కిడ్నీలను దెబ్బతీస్తుంది.

ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము మూడు కోరుతున్నాం. యాంటీబాడీ పాజిటివ్ వస్తే రోగిని మళ్లీ రమ్మనకుండా అదే రక్త నమూనాతో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష పూర్తిచేయాలి. ప్రభుత్వ ల్యాబుల నుంచి వెళ్లే ప్రతి హెచ్‌సీవీ పాజిటివ్ రిపోర్టు కింద ఫిబ్-4 అంకెను ముద్రించాలి. సిరోసిస్ ఉన్నవారి పేర్లు జిల్లా రిజిస్టరులోకి ఎక్కించి, ఆరో నెల రాగానే స్కాన్‌కు తీసుకురమ్మని ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పంపాలి.