అమ్మ జీతం ఎంత అని అడిగే చట్టం

మన వీకెండ్ పార్టీల్లో అమెరికా కోర్టుల మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు కాఫీ కేసు ఎత్తుతారు. "వేడి కాఫీ మీద పోసుకుని మెక్‌డొనాల్డ్స్ దగ్గర మిలియన్లు లాగిందట ఓ ముసలావిడ, ఇదీ ఈ దేశం సంగతి!" అని. అందరం నవ్వేస్తాం. ఆవిడకి 79 ఏళ్లనీ, థర్డ్ డిగ్రీ కాలిన గాయాలకి చర్మం అతకాల్సి వచ్చిందనీ, మొదట ఆవిడ అడిగింది 20 వేల డాలర్లేననీ, కంపెనీ 800 ఇస్తానందనీ ఎవరూ చెప్పరు. 1994లో జ్యూరీ వేసిన 27 లక్షల డాలర్ల జరిమానాని జడ్జి భారీగా కోసేశాడనీ, ఆ తర్వాత ఇద్దరూ రాజీపడ్డారనీ అసలే చెప్పరు. టార్ట్ రిఫార్మ్ వాదనకి ఈ సగం కథ చేసిపెట్టినంత ప్రచారం ఏ లాబీయిస్టూ చేసి ఉండడు.

టార్ట్ రిఫార్మ్ అంటే, ఎదుటివాళ్ల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాళ్లు వేసే సివిల్ దావాలకి కళ్లెం వేయడం. వైద్యం విషయంలో ఆ కళ్లెం పేరు క్యాప్. నష్టాన్ని చట్టం రెండు ఖాతాల్లో రాస్తుంది. ఆసుపత్రి బిల్లులు, పోయిన జీతం, ముందుముందు పెట్టుకోవాల్సిన నర్సు ఖర్చు ఒక ఖాతా. నొప్పి, వైకల్యం, మనిషి లేని లోటు రెండో ఖాతా. క్యాప్ ఉన్న రాష్ట్రాల్లో చాలావరకు మొదటి ఖాతా జోలికి పోరు, రెండోదానికే గరిష్ఠ పరిమితి పెడతారు.

కాలిఫోర్నియా 1975లో మైక్రా చట్టంతో ఆ పరిమితిని 2.5 లక్షల డాలర్లు చేసింది. 47 ఏళ్లపాటు ఆ అంకె కదల్లేదు. 2022లో కొత్త చట్టం చేసి, 2023 నుంచి గాయమైతే 3.5 లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు అన్నారు. పదేళ్లలో అవి 7.5 లక్షలకీ 10 లక్షలకీ చేరతాయి. నేనుండే టెక్సస్‌లో 2003 నుంచి డాక్టర్ల మీద అదే 2.5 లక్షలు. ఆసుపత్రుల వాటా కలుపుకున్నా మొత్తం 7.5 లక్షలు దాటదు. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేదు. అప్పటి 2.5 లక్షలు కొన్న సరుకు ఇప్పుడు కొనాలంటే 4 లక్షల పైమాటే. కోర్టులు కొట్టేస్తాయన్న భయంతో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. ఆ సెప్టెంబరు ఓటింగులో 51 శాతం మంది సరేనన్నారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు. ఇల్లినాయ్, జార్జియా రాష్ట్రాల సుప్రీంకోర్టులు 2010లో తమ క్యాపుల్ని కొట్టేశాయి.

నేను క్యాప్‌కి వ్యతిరేకిని. ఈ పత్రిక ప్రకటనల పేజీల్లో సగం క్లినిక్కులవేనని తెలిసే రాస్తున్నాను. ఇక్కడి మన తెలుగు సంఘాలకి డబ్బూ, నాయకత్వమూ, ఉచిత వైద్యశిబిరాలూ ఇచ్చింది గుంటూరు, ఉస్మానియా, ఆంధ్రా మెడికల్ కాలేజీల్లో చదివి వచ్చిన డాక్టర్లే. వాళ్ల మాట మనకి ఎప్పుడూ వినపడుతూనే ఉంటుంది. రెండో పక్క మాట్లాడేవాళ్లే లేరు.

ఆ రెండో పక్క ఎలా ఉంటుందో చూడండి. నాకు తెలిసిన ఒక కుటుంబం డాలస్ పక్కనే ఉంటుంది. కూతురి పురుడు కోసం తెనాలి నుంచి వచ్చిన అమ్మకి ఒక రాత్రి గుండెల్లో మంట. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే గ్యాస్ అని మందిచ్చి పంపేశారు. మర్నాడు మళ్లీ తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది. తప్పు జరిగిందో లేదో నేను చెప్పలేను. తేల్చాల్సింది ఇంకో డాక్టరు, ఆ తర్వాత జ్యూరీ. అసలు అంతదూరం వెళ్లనిస్తేగా? కొడుకు లాయర్లకి ఫోన్లు చేశాడు. "అన్నా, ఒక లాయరావిడ అడిగిన మొదటి ప్రశ్న, మీ అమ్మగారు ఏం పని చేసేవారు అని. రిటైర్డ్ టీచరండీ, ఇండియాలో పెన్షన్ వస్తుంది అన్నాను. రెండో ప్రశ్న లేదు. చాలా మర్యాదగా ఐయాం సారీ అని పెట్టేసింది" అన్నాడు.

ఆ లాయరు రాతిగుండె మనిషేం కాదు, లెక్క తెలిసిన మనిషి. ఇక్కడ ఇలాంటి కేసుల్లో గెలిస్తేనే ఫీజు. నిపుణులకీ రికార్డులకీ ముందు తన జేబులోంచే పెట్టాలి. టెక్సస్‌లో అవతలివాళ్లు జవాబు దాఖలు చేసిన 120 రోజుల్లో ఇంకో డాక్టరు చేత, తప్పెక్కడ జరిగిందో చెప్పే నివేదిక ఇప్పించాలి. లేదంటే కేసు కొట్టేసి, అవతలి లాయరు ఫీజు కూడా మన నెత్తిన వేస్తారు. పైగా ఎమర్జెన్సీ వైద్యంలో మామూలు నిర్లక్ష్యం చాలదు, తెలిసీ తెగించి చేశారని రుజువు చేయాలి. ఇంత చేసి నెగ్గినా, జీతం లేని మనిషి కాబట్టి మొదటి ఖాతాలో పడేది దాదాపు సున్నా. రెండో ఖాతాకి క్యాప్. ఖర్చులకే చాలని కేసు ఎవరు పట్టుకుంటారు?

ఇప్పుడు మన ఇళ్లలో ఎవరెవరికి జీతం లేదో లెక్కేసుకోండి. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలు. హెచ్4 మీద ఉండి వర్క్ పర్మిట్ రాని భార్యలు. పిల్లలు. ఇంటి చాకిరీకి విలువ కట్టొచ్చని చట్టం ఒప్పుకుంటుంది, పిల్లాడు పెద్దయ్యాక ఎంత సంపాదించేవాడో ఒక ఆర్థికవేత్తని పెట్టి అంచనా వేయించొచ్చు, కాదనను. కానీ అదే ఆసుపత్రిలో అదే తప్పు హెచ్1బి మీదున్న ఆర్కిటెక్టు భర్తకి జరిగితే లాయర్లు తిరిగి ఫోన్ చేస్తారు, ఆయన భార్యకి జరిగితే చేయరు. క్యాప్ అంటే అత్యాశ లాయర్లకి పగ్గం అని మనకి చెప్పారు. అది తగిలేది మాత్రం పే స్టబ్ (జీతం చీటీ) లేనివాళ్లకి.

ఫ్లోరిడా సంగతి ఇంకా ఘోరం. అక్కడ 1990 నుంచి ఉన్న నిబంధనకి జనం పెట్టుకున్న పేరే "ఫ్రీ కిల్". భర్త లేని తల్లి వైద్య నిర్లక్ష్యం వల్ల చనిపోతే, 25 ఏళ్లు నిండిన పిల్లలు తమ బాధకి పరిహారం అడగడానికి వీల్లేదు. అదే తల్లి కారు ప్రమాదంలో పోతే అడగొచ్చు! టాంపాలో, ఓర్లాండోలో వితంతువైన తల్లిని దగ్గర పెట్టుకున్న మనవాళ్లు ఎంతమందికి ఈ సంగతి తెలుసు? దీన్ని తీసేయాలని 2025లో ఫ్లోరిడా చట్టసభ రెండు పార్టీల ఓట్లతో బిల్లు పాస్ చేసింది. గవర్నర్ డిశాంటిస్, డాక్టర్లు ఇలాంటి దావాల కోసం కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియంలు పెరుగుతాయని, డాక్టర్లు వెళ్లిపోతారని వీటో చేశారు. క్యాప్ లేని న్యూయార్క్ మాత్రం తక్కువ తిందా? అక్కడ మరణానికి పరిహారం ఇచ్చే చట్టం 1847 నాటిది. చనిపోయిన మనిషి ఎంత సంపాదించి పెట్టేవాడన్నదే దానికి కావాలి. దాన్ని మార్చే బిల్లు పదేపదే నెగ్గుతుంది, గవర్నర్ హోకుల్ పదేపదే వీటో చేస్తారు.

డాక్టర్ల బాధ అబద్ధం కాదు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రమాదం ఎక్కువుండే స్పెషాలిటీల్లో 65 ఏళ్లు వచ్చేసరికి 99 శాతం మంది మీద ఒక్కసారైనా క్లెయిమ్ పడుతుంది. మొత్తం క్లెయిముల్లో 78 శాతానికి పైసా చెల్లింపు ఉండదు. అయినా కేసు నడిచే ఆ రెండుమూడేళ్లూ నిద్ర ఉండదు. నా స్నేహితుడొకాయన సర్జన్. కేసు కొట్టేసి చాలా ఏళ్లయినా, లైసెన్సు రెన్యువల్‌కీ, కొత్త ఆసుపత్రిలో ప్రివిలేజెస్‌కీ (అక్కడ వైద్యం చేసే అనుమతికి) దరఖాస్తు చేసిన ప్రతిసారీ "మీ మీద ఎప్పుడైనా దావా పడిందా" అన్న పెట్టెలో టిక్కు పెట్టి, కింద అదే పేరా మళ్లీ రాస్తాడు. ఆ పేరా తనకి కంఠతా వచ్చేసిందట. "దోషిని కాదని తేలాక కూడా ఈ సంజాయిషీ ఏంట్రా" అంటాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ క్యాప్ ఆ పెట్టెని తీసేయలేదు. క్యాప్ ఉన్న టెక్సస్‌లోనే ఆయన ప్రాక్టీసు చేస్తున్నాడు.

క్యాప్ ఏం చేసిందంటే, టెక్సస్‌లో పరిహారం దక్కిన కేసులు బాగా పడిపోయాయి, ప్రీమియంలూ తగ్గాయి. ఇది డాక్టర్లకి నిజంగానే మేలు. మిగతా వాగ్దానాల మాటేమిటి? డాక్టర్లు బిలబిలా వచ్చేస్తారు, భయంతో రాసే టెస్టులు తగ్గి ఖర్చులు దిగుతాయి అన్నారు. బ్లాక్, హైమన్, సిల్వర్ అనే ముగ్గురు పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ రాష్ట్ర లెక్కలు తవ్వి, డాక్టర్ల సంఖ్యలో క్యాప్ వల్ల వచ్చిన చెప్పుకోదగ్గ పెరుగుదల కానీ, మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఖర్చులో తగ్గుదల కానీ కనపడలేదన్నారు. దేశం మొత్తం మీద మాల్‌ప్రాక్టీస్ (వైద్య నిర్లక్ష్యం) దావాల వ్యవస్థ ఖర్చు, ఆ భయం టెస్టులతో సహా, వైద్యం ఖర్చులో 2.4 శాతం దాకా ఉంటుందని 2010లో ఒక అంచనా. చిన్న మొత్తం కాదు, అలాగని మన ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగడానికి అదే కారణమూ కాదు.

ఇదే డాలస్‌లో 2011 చివరి నుంచి 2013 దాకా క్రిస్టఫర్ డంచ్ అనే న్యూరోసర్జన్ వెన్నెముక ఆపరేషన్లతో 30 మందికి పైగా జీవితాలు పాడుచేశాడు, ఇద్దరు చనిపోయారు. బాధితుల్లో కొందరికి కేసు పట్టే లాయరే దొరకలేదు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారుతూ పోయినవాణ్ని చివరికి 2017లో క్రిమినల్ కోర్టు జీవితఖైదుకి పంపింది. అతని గురించి మొదట గగ్గోలు పెట్టినవాళ్లు తోటి సర్జన్లే. ఇలాంటివాళ్లని ఆసుపత్రులు వదిలించుకోవాలంటే, ఉంచుకుంటే ఖరీదు ఎక్కువన్న భయం ఉండాలి కదా.

దావాలు మరీ ఎక్కువన్న మాటలో కూడా సగమే నిజం. హార్వర్డ్ బృందం న్యూయార్క్ ఆసుపత్రుల 1984 నాటి రికార్డులు వడపోసినప్పుడు, నిర్లక్ష్యం వల్ల గాయపడ్డవాళ్లలో క్లెయిమ్ వేసినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరని తేలింది. వేసినవాళ్లలో మళ్లీ నిర్లక్ష్యం ఏమీ లేని కేసులు బోలెడు. అంటే ఈ వ్యవస్థ రెండు వైపులా గురి తప్పుతోంది. 2006లో ఇంకో బృందం 1,452 క్లెయిములు పరిశీలించి, బాధితుడికి ఒక డాలరు చేరడానికి లాయర్లు, నిపుణులు, కోర్టుల మీద 54 సెంట్లు ఖర్చవుతోందని లెక్కకట్టింది. ఈ గురి సరిచేయడం మానేసి పరిహారం కోయడమేమిటో నాకు అర్థం కాదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది, దీనికి చట్టసభలని అనలేం. ఇక్కడ పెద్దవాళ్లు పోగానే మన టెన్షనంతా బాడీని ఇండియాకి పంపడం మీదే. ఫ్యూనరల్ హోమ్, ఎంబామింగ్, కాన్సులేట్ కాగితాలు, కార్గో బుకింగ్, విరాళాల లింకు. వాలంటీర్లు నిద్రాహారాలు మాని చేస్తారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. ఆ హడావుడిలో పోస్ట్‌మార్టం మాట ఎవరైనా ఎత్తితే "ఇంకా ఆవిణ్ని కోయిస్తారా" అని ఇంట్లో పెద్దలు కసురుతారు. సెంటిమెంటు నాకూ తెలుసు. కానీ అనుమానం ఉన్నప్పుడు, ఎందుకు పోయారో చెప్పే గట్టి సాక్ష్యం ఆ విమానంలో వెళ్లిపోతుంది. ప్రైవేటుగా చేయిస్తే కొన్ని వేల డాలర్లవుతుంది, ఒకట్రెండు రోజులు ఆలస్యమవుతుంది. రికార్డులైతే చనిపోయినవాళ్ల తరఫున చట్టబద్ధ ప్రతినిధి అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. టెక్సస్‌లో దావాకి గడువు రెండేళ్లు. సంవత్సరీకాలు పెట్టి తిరిగొచ్చేసరికి సగం అయిపోతుంది.

క్యాప్ బదులు ఏం చేయొచ్చో ఆన్ ఆర్బర్‌లో చేసి చూపించారు. మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి ఒక పద్ధతి పట్టాయి: తప్పు జరిగితే తామే విచారించి, కుటుంబాన్ని కూర్చోబెట్టి జరిగింది చెప్పి, క్షమాపణ అడిగి, పరిహారం తామే ఇవ్వజూపడం. తప్పు లేదని తేలితే కోర్టులో గట్టిగా పోరాడడం. 2010లో వచ్చిన అధ్యయనంలో, రోగులు వైద్యానికి వచ్చిన ప్రతి లక్షసార్లకీ నెలకి 2.13గా ఉన్న దావాలు 0.75కి పడ్డాయి. మిషిగన్‌లో క్యాప్ కూడా ఉందిగా అంటారేమో. ఉంది, కానీ అది 1990ల నుంచే ఉంది, ఈ పద్ధతి తర్వాతది. టెక్సస్‌లో ఇదే చేయబోతే ఒక అడ్డు ఉంది. ఇక్కడి చట్టం డాక్టరు సానుభూతి మాటల్ని సాక్ష్యంగా వాడనివ్వదు కానీ, "పొరపాటు నాదే" అంటే వాడనిస్తుంది. కొలరాడోలో అలా కాదు, అక్కడ ఆ మాటకి కూడా రక్షణ ఉంది. మన డాక్టర్లు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లి అడగాల్సింది ఈ సవరణ.

ఇండియాలో పరిమితి లేదు కదా, అది నయమా అని అడిగేవాళ్లకి రెండు కేసులు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇమ్మన్నది 2009లో. ఒహాయోలో ఉండే డాక్టర్ కునాల్ సాహా భార్య 1998లో సెలవులకి ఇండియా వెళ్లి, కోల్‌కతాలో జరిగిన వైద్యం వికటించి చనిపోయారు. ఆయనకి సుమారు 6 కోట్లు, వడ్డీ అదనంగా, ఇచ్చింది 2013లో. 19 ఏళ్లు ఒకటి, 15 ఏళ్లు ఒకటి. క్యాప్ పెట్టలేదు నిజమే, ఆ ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి మా సర్జన్ స్నేహితుడు "క్షమాపణ చెప్పడానికి నేను రెడీ, మా ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పనిస్తుందా" అన్నాడు. ఈ దేశంలో మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావాటిని 1970ల సంక్షోభంలో పెట్టింది డాక్టర్లే, ఇప్పటికీ వాటిలో చాలావాటికి యజమానులు పాలసీ కట్టే డాక్టర్లే. వార్షిక సమావేశానికి ప్రాక్సీ (వెళ్లకుండానే ఓటేసే) కాగితం ఇంటికే వస్తుంది. ఆయనకి వచ్చిన కవరు ఇంకా విప్పలేదట. విప్పమన్నాను, బోర్డు ఎన్నికల్లో నిలబడ్డవాళ్లకి ఈ మిషిగన్ పద్ధతి గురించి ఒక ఈమెయిల్ కొట్టమన్నాను. వచ్చే కన్వెన్షన్‌లో డాక్టర్లకి పెట్టే సీఎంఈ (చదువు కొనసాగింపు) క్లాసుల్లో ఒక గంట దీనికి కేటాయించమని కమిటీని కూడా అడిగాను. జవాబు రావాలి.